లోగో ఏ ఫైల్‌లో పంపాలి?

ఫెస్ట్ దగ్గరపడితే జూనియర్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "అక్కా, ఫ్లెక్సీ షాపాయన వెక్టర్ ఫైల్ కావాలంటున్నాడు, అదేంటి?" క్లబ్ పోస్టర్లు చేస్తూ నేను తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

జేపీజీ, పీఎన్‌జీ ఫైళ్ళలో ఉండేవి రంగు చుక్కలు, అంటే పిక్సెళ్ళు. పెద్దది చేస్తే చుక్కలే పెద్దవై అంచులు మసకబారతాయి. వెక్టర్‌లో ఉండేది గీసే పద్ధతి: ఇక్కడ కేంద్రం, ఇంత వ్యాసార్థం, ఈ రంగు. వంపులకు బెజియర్ వక్రాలు వాడతారు. 1960లలో రెనో కార్ల కంపెనీ ఇంజనీరు పియెర్ బెజియర్ ప్రచారంలోకి తెచ్చినవి అవి. నాలుగు బిందువులిస్తే ఒక వంపు వస్తుంది. సైజు పెంచడమంటే ఆ అంకెల్ని గుణించడమే. అందుకే విజిటింగ్ కార్డుకీ, ఇరవై అడుగుల ఫ్లెక్సీకీ ఒకే ఫైల్ సరిపోతుంది.

ఫార్మాట్లు చాలానే ఉన్నాయి. ఎస్‌వీజీ వెబ్ కోసం పుట్టింది. 2001లో డబ్ల్యూ3సీ ప్రమాణమైంది. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదవొచ్చు. ఏఐ ఇలస్ట్రేటర్‌ది, సీడీఆర్ కోరల్‌డ్రాది. ఈపీఎస్ పాతది, పారదర్శకత తెలియదు. మెత్తటి నీడలు అందులో పాడవుతాయి. ప్రింటుకి పంపడానికి పీడీఎఫ్ నయం.

మార్చడానికి ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్ చాలు. ఎస్‌వీజీ తెరిచి పీడీఎఫ్‌గా సేవ్ చేస్తే పనైపోతుంది. కానీ ఫైల్ పేరు చివర జేపీజీ తీసేసి ఎస్‌వీజీ అని రాస్తే అది వెక్టర్ కాదు. ఎస్‌వీజీలో ఫొటో అతికించినా అంతే, లోపల చుక్కలే ఉంటాయి. 'ట్రేస్ బిట్‌మ్యాప్' అంచుల్ని ఊహించి గీస్తుంది. రెండు రంగుల లోగోకి ఫర్వాలేదు, ఫొటోకి పనికిరాదు.

మనకి అసలు చిక్కు తెలుగు అక్షరాలతో. ఫైల్‌లో 'స్త్ర' అనే బొమ్మ ఉండదు. స, త, ర, మధ్యలో పొల్లు గుర్తుల కోడ్‌లు ఉంటాయి. వాటిని కలిపి ఒత్తులు పేర్చేది ఫాంటూ, సాఫ్ట్‌వేరూ. షాపులో ఆ ఫాంట్ లేకపోతే వేరే ఫాంట్ వస్తుంది. సాఫ్ట్‌వేర్‌కి తెలుగు రాకపోతే ఒత్తులు విడిపోయి 'స్‌త్‌ర' అని అచ్చవుతుంది. తెలుగు క్లబ్ బ్యానర్ మీదే అలా పడితే ఎంత నామర్దా!

మందు ఉంది. అక్షరాల్ని సెలెక్ట్ చేసి, పాత్ మెనూలో 'ఆబ్జెక్ట్ టు పాత్' నొక్కాలి. అక్షరాలు గీతలైపోతాయి, ఇక ఏ కంప్యూటర్‌లోనైనా అలాగే కనిపిస్తాయి. అయితే ఆ తర్వాత అచ్చుతప్పు దిద్దలేం, తేదీ మార్చలేం. కాబట్టి ముందు ఇద్దరి చేత చదివించి, మామూలు ఫైల్‌ని విడిగా దాచి, కాపీని మాత్రమే గీతలుగా మార్చండి.

వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంట్‌గా పంపండి. ఫొటోగా పంపితే మళ్ళీ చుక్కలే. క్లబ్ డ్రైవ్‌లో మూడూ ఉంచండి: దిద్దగలిగే ఎస్‌వీజీ, గీతలుగా మార్చిన పీడీఎఫ్, వాడిన ఫాంట్. మనం పాసై వెళ్ళిపోతాం, లోగోతో పని వచ్చే ఏడాది జూనియర్లకీ ఉంటుంది.