కయ్యలో మాటు.. కొట్టడానికి కాదు, లెక్కపెట్టడానికి

సూళ్లూరుపేట: అడవిలో మాటు వేసేవాడు చెట్టెక్కి మంచె కడతాడు. కోత కోసిన కయ్యలో ఆ పప్పులు ఉడకవు. అక్కడ చెట్టు లేదు, పొద లేదు. మనిషి గెనిమ మీదికి వచ్చి నిలబడితే చాలు, అడవి బాతుల గుంపు మొత్తం లేచిపోతుంది. కాబట్టి అక్కడ పైకి ఎక్కడం కాదు, నేలకు అంటుకొని పడుకోవడం నేర్చుకోవాలి.

ఈ కిటుకు వేటగాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. మన దేశంలో చెరువుల్లో బాతులు పట్టేవారు ముందు కొన్నాళ్లు ఉత్తి కుండలను నీళ్లమీద వదిలేవారు. బాతులు వాటికి అలవాటు పడ్డాక, చిల్లులు పెట్టిన కుండను తలకు బోర్లించుకొని మెడలోతు నీళ్లలో మెల్లగా నడిచి వెళ్లి, కింద నుంచి కాళ్లు పట్టి లాగేసేవారు. పక్కనున్న బాతుకు కూడా తెలిసేది కాదు. నేలమీదైతే ఎద్దును అడ్డం పెట్టుకొని దాని పక్కనే వంగి నడిచేవారు. ఎద్దును చూసి పిట్ట బెదరదు గదా!

అమెరికా, కెనడా దేశాల్లో కోత అయిన మొక్కజొన్న, గోధుమ పొలాల్లో ఈ విద్యను మరోరకంగా వాడతారు. మోకాలెత్తు కూడా లేని చట్రంలో వేటగాడు వెల్లకిలా పడుకుంటాడు. పైన తలుపుల్లాంటి రెండు గుడ్డ రెక్కలుంటాయి. బాతులు దిగే సమయానికి వాటిని తోసి లేచి కూర్చొని కాలుస్తాడు. కొందరు అంగట్లో కొంటారు, మరికొందరు పైపులు, గుడ్డతో ఇంట్లోనే చేసుకుంటారు. అక్కడ వేటకు లైసెన్సు ఉంది, రోజుకు ఇన్నే కొట్టాలన్న లెక్కా ఉంది.

ఇక్కడ ఆ మాటే లేదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక కూడా కొన్నేళ్లు లైసెన్సు మీద బాతులు కొట్టే వీలుండేది. 1991లో చట్టాన్ని సవరించి ఆ దారి మూసేశారు. 2022 సవరణతో శిక్ష మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అదే రక్షిత కేంద్రం లోపల వేటాడితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు జైలు.

చిక్కేమిటంటే, బాతులకు ఈ హద్దులు తెలియవు. నేలపట్టు పక్షుల కేంద్రం 1976లో ఏర్పడింది. దాని విస్తీర్ణం సుమారు 459 హెక్టార్లు. పగలంతా చెరువులో, పులికాట్‌లో తేలియాడే సూదితోక బాతులు, ఈల వేసినట్లు అరిచే చిలువలు రాత్రయితే మేతకు చుట్టుపక్కల వరికయ్యల్లోకి దిగుతాయి. వలలు పన్నేవాడూ, పురుగుమందు కలిపిన వడ్లు చల్లేవాడూ కాచుకునేది అక్కడే. మందు తిన్న బాతును కూర వండుకుంటే ఆ విషం మన కంచంలోకే వస్తుంది. ఈ సంగతి కొనేవారికి ఎవరూ చెప్పరు.

మరి మాటు విద్య ఇక దండగేనా? కాదు. ఆసియా అంతటా నీటిపక్షుల లెక్క జరుగుతుంది. మన దేశంలో 1987 నుంచి ఏటా జనవరిలో సాగుతోంది. జీతం లేని మనుషులే చేసే పని ఇది. గట్టు మీద నుంచి చూస్తే బాతులన్నీ నల్లచుక్కలే. ఏది సూదితోక బాతో, ఏది చెంచామూతి బాతో తేలాలంటే దగ్గరికి పోవాలి. దగ్గరికి పోతే లేచిపోతాయి. అందుకే లెక్కపెట్టేవాడికీ, ఫొటో తీసేవాడికీ వేటగాడి మాటే కావాలి. తుపాకీ ఒక్కటే అక్కర్లేదు.

ఖర్చు పెద్దగా లేదు. నాలుగు సరుగుడు కర్రలు, అయిదారు వెదురు బద్దలు, నాలుగు గోనెసంచులు, రెండు మోపుల వరిగడ్డి ఉంటే చాలు. ఆరున్నర అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పున కర్రలతో చట్రం కట్టి, వెదురు బద్దలను విల్లులా వంచి అడ్డంగా బిగించాలి. తలవైపు ఒకటిన్నర అడుగుల ఎత్తు ఉంటే, కాళ్లవైపు జారుగా నేలకు దిగిపోవాలి. పక్కలు నిట్టనిలువుగా ఉంటే నీడ పడుతుంది. ఆకాశంలో తిరిగే బాతుకు మొదట కనబడేది ఆ నీడే.

కొత్త గోనెను అలాగే కప్పకూడదు. ఆ కయ్యలోని బురదే కలిపి పూసి ఎండబెడితే దాని నిగనిగ పోతుంది. తర్వాత గోనెకు సందులు చేసి, ఆ కయ్యలోని గడ్డినే గుచ్చాలి. పక్క ఊరి గడ్డి రంగు వేరుగా ఉంటుంది. మడి కయ్యలో గుంత తవ్వితే నీళ్లూరుతాయి కాబట్టి తవ్వే పని పెట్టుకోవద్దు. గెనిమ వారగా పెట్టి, కింద పట్ట పరిస్తే సరిపోతుంది.

గాలి సంగతి మరిచిపోతే ఇంత శ్రమా వృథా. బాతు ఎప్పుడూ గాలికి ఎదురుగా దిగుతుంది. గాలి మన వీపుకు కొట్టేలా పడుకుంటే గుంపు ఎదురుగా వచ్చి వాలుతుంది. ఎండ కూడా వెనక నుంచే రావాలి. తెల్లచొక్కా, చేతి గడియారం ఇంటి దగ్గరే వదలాలి. ముఖానికి మట్టిరంగు తువ్వాలు చుట్టుకోవాలి. తెల్లవారకముందే లోపలికి దూరాలి. దూరేముందు గడ్డిని కర్రతో తట్టి చూడాలి. పాములకూ, తేళ్లకూ కూడా అలాంటి చోటే ఇష్టం.

కయ్యగల రైతును అడగకుండా మాటు వేయకూడదు. కేంద్రం లోపల అటవీశాఖ అనుమతి లేకుండా అసలే కూడదు. గూళ్ల దగ్గరైతే మరీ ప్రమాదం. నేలపట్టులో కడప చెట్లమీద గూడబాతులు గుడ్లు పెట్టే కాలంలో తల్లి బెదిరి లేచిందంటే గుడ్లు ఎండకు మాడతాయి, లేదంటే కాకుల పాలవుతాయి. అక్కడి రైతులకు ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్లు పారితే ఎరువు ఖర్చు తగ్గుతుందని వారే చెబుతారు.

లెక్క ముగిశాక గుంపు తనంతట తాను లేచిపోయే దాకా ఓపిక పట్టి, అప్పుడే బయటికి రావాలి. గడ్డి పశువులకు వేయవచ్చు. కర్రలు చిక్కుడు పందిరికి పనికొస్తాయి. గోనెలను దులిపి అటకెక్కిస్తే మళ్లీ జనవరికి బయటికి తీయవచ్చు.