కుక్కలకు సోకు ఎలుకజ్వరము

ముంబయి నగరమున పాఠశాలలు తెరచుటయు, వానలు దిగుటయు ఇంచుమించు ఒకే సమయమున జరుగుచుండును. జూన్ మాసమున పుస్తకముల జాబితాతోబాటు తల్లిదండ్రులు మా యెదుట ఉంచు ప్రశ్న ఒకటి కలదు. “మా యింటి కుక్కవలన పిల్లలకు లెప్టో సోకునా? బడి గేటువద్ద పడియుండు కుక్కలను తరిమివేయించుట మంచిది కాదా?” ఈ ప్రశ్న బిడ్డలయందలి ప్రేమచే పుట్టినది. కావున దీనికి తొందరపాటు సమాధానము తగదు. ఆ వ్యాధి కుక్కలకు ఎంత తరచుగా సోకుచున్నదో, ఏ పరిస్థితులలో అపాయము హెచ్చుచున్నదో తెలిసికొన్న పిమ్మటనే మనము చేయవలసిన పని తేలును.

లెప్టోస్పైరోసిస్ అను ఈ వ్యాధిని తెలుగువారు ఎలుకజ్వరమనియు, కన్నడిగులు ఇలిజ్వరమనియు, తమిళులు ఎలిక్కాయ్చ్చల్ అనియు, మలయాళీలు ఎలిప్పని అనియు పిలుచుచున్నారు. నాలుగు భాషలవారును ఎలుకనే దోషిగా పట్టుకొనిరి గాని కుక్కను పట్టుకొనలేదు. వారి తలంపు సరియైనదే. జర్మనీ దేశపు వైద్యుడు అడాల్ఫ్ వైల్ 1886లో మనుష్యులకు వచ్చు ఈ జబ్బు లక్షణములను వివరించెను. 1915 ప్రాంతమున జపాను శాస్త్రజ్ఞులు ఇనాడా, ఇదో అనువారలు దీనికి కారణమైన క్రిమిని కనుగొనిరి. అది మరచుట్టువలె మెలికలు తిరిగిన మిక్కిలి సన్నని సూక్ష్మజీవి. కుక్కల జబ్బు కూడ పాతదే. 1898లో జర్మనీయందలి స్టుట్‌గార్ట్ నగరమున జరిగిన కుక్కల ప్రదర్శన తరువాత ఒక వ్యాధి చెలరేగగా దానికి ఆ నగరము పేరే నిలిచిపోయినది. అదియు ఈ క్రిమి పనియేయని తరువాత తెలిసినది.

ఈ క్రిమి సంచరించు మార్గమును తెలిసికొనుట అవసరము. ఎలుకల మూత్రపిండములలో ఇది నివాసమేర్పరచుకొనును. ఎలుకకు దీనివలన బాధ లేదు. అది ఆరోగ్యముగా తిరుగుచునే నెలల తరబడి మూత్రముద్వారా క్రిములను విడుచుచుండును. పందికొక్కులును అట్టివే. (ఆంగ్లేయులు ‘బాండికూట్’ అను మాటను మన తెలుగు పందికొక్కునుండియే గ్రహించిరి.) ఆ మూత్రము వాననీటిలోను బురదలోను కలియును. తడినేలలోను నిలువనీటిలోను క్రిమి వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు బ్రదుకగలదు. ఎండ తగిలి నేల ఆరినచో శీఘ్రముగా చచ్చును. కాలి పగుళ్లద్వారా, చిన్న గాయములద్వారా, కన్ను, ముక్కు, నోటి పొరలద్వారా దేహమున ప్రవేశించును. ఈ విషయమున కుక్కకును మనుష్యునకును భేదము లేదు. మోకాలిలోతు నీటిలో నడచు బాలుడును, అదే నీటిని త్రాగు కుక్కయు ఒకే అపాయమున ఉన్నారు.

ఇక ఈ జబ్బు కుక్కలలో ఎంత తరచు? దీనికి ఒకే సంఖ్యతో సమాధానము చెప్పుట సాధ్యము కాదు. మూడు కారణములు కలవు. మొదటిది, క్రిమి సోకిన కుక్కలన్నియు జబ్బుపడవు. పెక్కింటికి ఏ లక్షణమును కనబడదు. రెండవది, రక్తపరీక్షలో కనిపించు ప్రతిరక్షకములు ఆ క్రిమి ఎప్పుడో సోకినదని చెప్పునేగాని, ఇప్పుడు జబ్బు కలదని చెప్పవు. టీకా వేయించిన కుక్క రక్తమునను అవి కనిపించును. మూడవది, ఊరునుబట్టియు, ఋతువునుబట్టియు లెక్క మారును. వేడిమియు తేమయు గల మన దేశమున కుక్కల రక్తమును పరీక్షించిన పలు పరిశీలనలలో ఈ క్రిమి సోకిన గుర్తులు కనబడినవి. కనుక సారాంశమిది: తీవ్రముగా జబ్బుపడిన కుక్క అరుదుగా కనిపించినను, క్రిమి సోకిన కుక్క అంత అరుదు కాదు.

అపాయమును హెచ్చించు కారణములను వరుసగా చెప్పెదము.

1. నీరు. వానకాలము, వరద, కదలని మడుగు, మురుగుకాలువ అన్నిటికంటె పెద్ద కారణములు. 1999 అక్టోబరులో ఒడిశా తీరమున పెనుతుఫాను వచ్చిన పిమ్మట మనుష్యులలో ఈ జ్వరము వ్యాపించినది. 26-7-2005 దినమున ముంబయిలోని శాంతాక్రూజ్ వద్ద ఒక్కరోజున 944 మిల్లీమీటర్ల వాన కురిసినది. ఆ తరువాతి వారములలో నగరమున లెప్టో రోగులు హెచ్చిరి. 2018లో కేరళ వరదల పిమ్మటను ఇట్లే జరిగినది.

2. చెత్తయు ఎలుకలును. అన్నపు మిగుళ్లు పడవేసిన చోటికి ఎలుకలు వచ్చును. అచ్చటికే వీథికుక్కలును వచ్చును. ఎలుకలను పట్టి తిను కుక్కకు అపాయము మరింత హెచ్చు.

3. పశువుల సాన్నిధ్యము. ఆవులు, గేదెలు, పందులు కూడ ఈ క్రిమిని మోయగలవు. కొట్టములవద్ద తిరుగు కుక్కలకు ఆ మార్గమున సోకవచ్చును.

4. కుక్కలు గుంపుగా ఉండు స్థలములు. అమెరికాలోని లాస్ ఏంజలిస్ ప్రాంతమున వాన తక్కువ. అయినను 2021లో అచ్చట 200కు పైగా కుక్కలకు ఈ జబ్బు సోకినది. వానిలో పెక్కు కుక్కలు, యజమానులు పగటివేళ విడిచిపోవు సంరక్షణశాలలలో ఉండినవి. కావున ‘మాది మేడపై పెరుగు చిన్న కుక్క, దానికి భయములేదు’ అనుకొనుట పొరపాటు.

5. టీకా లేకపోవుట. దీనిని గూర్చి కొంత విపులముగా చెప్పవలసియున్నది.

“మా కుక్కకు సూది వేయించితిమి” అని తల్లిదండ్రులు ధైర్యముగా చెప్పుదురు. విచారింపగా అది రేబిస్ టీకాయై యుండును. రేబిస్ టీకా మిక్కిలి అవసరమే. కాని అది ఎలుకజ్వరమును ఆపదు. వీథికుక్కలకు శస్త్రచికిత్స చేసి విడుచునప్పుడు వేయునదియు రేబిస్ టీకాయే. లెప్టో టీకా వేరు. పశువైద్యులు పెక్కు జబ్బులకు కలిపి వేయు టీకాలలో కొన్నిటియందు అది చేరియుండును, కొన్నిటియందు ఉండదు. కనుక కుక్క టీకాల పుస్తకమును తీసికొనిపోయి, “ఇందులో లెప్టో కలదా?” అని స్పష్టముగా అడుగవలయును. మొదట కొన్ని వారముల యెడమున రెండు మోతాదులు, పిమ్మట ఏటేట ఒకటి వేయింపవలెను. ఒక యేడు మానినచో రక్షణ సన్నగిల్లును. ఈ క్రిమిలో పెక్కు రకములు గలవు గాన, టీకా వేసినంతమాత్రమున మురికినీటి భయము పూర్తిగా తొలగదు.

జబ్బుపడిన కుక్కను గుర్తించుట ఎట్లు? జ్వరము, నీరసము, మేత ముట్టకపోవుట, వాంతులు, కండరముల నొప్పిచే లేవలేకపోవుట, అతిగా దాహము, అతిగా మూత్రము లేదా మూత్రము బిగియుట, కన్నులును చిగుళ్లును పసుపుపచ్చనగుట ముఖ్య లక్షణములు. వాననీటిలో తిరిగిన కుక్కకు వీనిలో ఏవైనను కనిపించినచో మరునాటికి వాయిదా వేయరాదు. తగిన సూక్ష్మజీవి నాశక ఔషధముతో తొలిదశలోనే చికిత్స ప్రారంభించినచో అనేకములు కోలుకొనును. ఆలస్యమైనచో మూత్రపిండములును కాలేయమును చెడును.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. కుక్కనుండి పిల్లలకు సోకునా? సోకవచ్చును, కాని అది తరచుగా జరుగునది కాదు. ప్రమాదమంతయు దాని మూత్రమున నున్నది. మైలుపడని చేతితో తల నిమిరినంతమాత్రమున జబ్బు రాదు. ప్రపంచమున ఏటేట సుమారు 10 లక్షల 30 వేలమందికి ఈ జబ్బు వచ్చుననియు, 58,900 మంది మరణింతురనియు 2015లో ప్రకటితమైన అంచనా తెలుపుచున్నది. వీరిలో అధికసంఖ్యాకులు పొలములలో, మురుగులో, వరదనీటిలో పాదములు తడుపుకొన్న పేదవారు. బడి గేటువద్ద కుక్కలను తరిమి, ప్రక్కనున్న చెత్తకుప్పను అట్లే ఉంచినచో ఎలుకలకు మేలు చేసినవారమగుదుము.

కావున తల్లిదండ్రులకు మా మనవి ఇది. పిల్లలను వరదనీటిలో ఆడనీయకుడు. కాలికి గాయమున్నచో కట్టు కట్టి, బూట్లు తొడిగి పంపుడు. అట్టి నీటిలో నడువక తప్పనిచో ఇంటికి వచ్చినవెంటనే సబ్బుతో కాళ్లు కడిగింపుడు. 72 గంటలలోపల వైద్యుని సలహా తీసికొనుడని ముంబయి నగరపాలక సంస్థ చెప్పుచున్నది. వయస్సునుబట్టి, గర్భమునుబట్టి మందు మారును గాన స్వయముగా కొని మ్రింగరాదు. జ్వరము వచ్చినచో, నీటిలో నడచిన సంగతి వైద్యునకు తప్పక చెప్పవలెను. జబ్బుపడిన కుక్క మూత్రమును పిల్లలచే తుడిపింపక, పెద్దలు చేతితొడుగులు ధరించి, పది పాళ్లు నీటిలో ఒక పాలు బ్లీచింగు ద్రావణము కలిపి కడుగవలయును. కుక్కగిన్నెను రాత్రివేళ బయట ఉంచరాదు. అన్నపు మిగుళ్లు మూతగల డబ్బాలో వేయుడు.

కుక్క మన పిల్లలవలెనే ఈ వ్యాధికి గురియగు ప్రాణి. మన వాడలో ఒక కుక్క ఈ జబ్బున పడినచో, మన నీటిలో విషము చేరినదని అది మనకు ముందుగా తెలుపుచున్నదని గ్రహింపవలయును. అప్పుడు కఱ్ఱ తీసికొనుటకు బదులు చీపురు తీసికొనుటయే వివేకము.