వెలుగు పట్టుకునే చేతులు

సినిమా అయిపోయింది. విడిపోయిన కుటుంబం కలుసుకుంది, దుర్మార్గుడికి శిక్ష పడింది. తెర మీద పేర్లు ఒకదాని వెనుక ఒకటి పైకి పాకుతున్నాయి. ఆ సమయంలో మనం ఏం చేస్తాం? సీటు కింద చెప్పుల కోసం కాలితో తడుముకుంటాం. నిద్రపోయిన పిల్లవాణ్ణి భుజాన వేసుకుంటాం. ఆటో దొరుకుతుందో లేదోనని కంగారుపడతాం. ఇంట్లో టీవీ చూసేవాళ్లమైతే, పేర్లు మొదలవగానే ఛానెల్ మార్చేస్తాం.

ఆ పేర్లు ఎవరివి? వాళ్లు ఏ వేళకు లేస్తారు? ఏ వేళకు ఇల్లు చేరతారు? వాళ్ల పిల్లలు వాళ్లను ఎప్పుడు చూస్తారు? ఈ ప్రశ్నలు పట్టుకుని మేము హైదరాబాదులోని కృష్ణానగర్‌కు బయలుదేరాము.

తెల్లవారుజామున కృష్ణానగర్

కృష్ణానగర్ పేరు వినని సినిమా మనిషి ఉండడు. అన్నపూర్ణా స్టూడియోకు, సారథీ స్టూడియోకు దగ్గరలో ఉన్న ఈ ఇరుకు వీధుల్లో ఎందరో సినిమా కార్మికులు అద్దె గదుల్లో కాపురం ఉంటున్నారు. తెలుగు చిత్ర పరిశ్రమ మద్రాసు నుండి క్రమంగా హైదరాబాదుకు తరలివచ్చిన కొద్దీ ఈ వీధులు నిండుతూ వచ్చాయి. ఊరు ఇంకా నిద్రలో ఉండగానే ఇక్కడ టీ కొట్లు తెరుచుకుంటాయి. జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మన్లు, ప్రొడక్షన్ వాళ్లు గుంపులుగా నిలబడి తమ బండి కోసం ఎదురుచూస్తూ కనిపిస్తారు.

మేము కలిసిన లైట్‌మన్ ఇరవై ఏడేళ్లుగా ఈ పనిలో ఉన్నాడు. తన పేరు రాయవద్దన్నాడు కనుక రాయడం లేదు. "మా పని అందరికంటే ముందు మొదలవుతుందండీ, అందరికంటే ఆఖరున ముగుస్తుంది" అన్నాడు. అది అతిశయోక్తి కాదు. షూటింగు ఉదయం ఆరింటికి అంటే, ఆ వేళకు లైట్లు వెలుగుతూ ఉండాలి. అంటే అంతకు ముందే యూనిట్ వ్యాన్ నుండి లైట్లు, స్టాండ్లు, కేబుళ్లు దించాలి. జెనరేటర్ వ్యాన్ నుండి సెట్టు దాకా కేబుళ్లు పరచాలి. ఛాయాగ్రాహకుడు చెప్పిన చోట లైటు నిలబెట్టాలి. వెలుగు ఎక్కువైతే తెర కట్టాలి, తక్కువైతే థర్మాకోల్ అట్ట పట్టుకుని ఎండను నటుల ముఖం మీదికి తిప్పాలి. సాయంత్రం ప్యాకప్ అనగానే నటులు కార్లు ఎక్కి వెళ్లిపోతారు. ఇతను మాత్రం లైట్లు చల్లారేదాకా ఆగి, కేబుళ్లు చుట్టి, అన్నీ వ్యాన్‌లోకి ఎక్కించాలి.

వాడే లైట్లు చిన్నవి కావు. పెద్ద హెచ్.ఎం.ఐ. లైటు ఒక్కటే పద్దెనిమిది కిలోవాట్ల విద్యుత్తు తాగుతుంది. దాని ఒంటిని వట్టి చేత్తో ముట్టుకుంటే చర్మం ఊడివస్తుంది. ఈ మధ్య ఎల్.ఇ.డి. లైట్లు వచ్చి వేడి, బరువు కొంత తగ్గాయి. కానీ ఎత్తైన చోట్ల లైటు కట్టాలంటే ఇప్పటికీ మనిషే పైకి ఎక్కాలి. వర్షం దృశ్యం తీయాలంటే నీళ్ల మధ్యనే కరెంటు తీగలతో పని చేయాలి.

'మాయాబజార్' (1957) చూసినవారెవరూ అందులోని వెన్నెలను మరచిపోలేరు. దాన్ని తెర మీదికి తెచ్చిన మార్కస్ బార్ట్లీ పేరు ఇప్పటికీ తలచుకుంటాం. తలచుకోవలసిన పేరే. కానీ ఆయన చెప్పినట్టు లైట్లు మోసి, పైకెక్కి కట్టి, కదలకుండా పట్టుకున్నవారి పేర్లు మనలో ఎవరికి తెలుసు? వెన్నెల అందరికీ గుర్తుంది, దాన్ని పట్టుకున్న చేతులు మాత్రం ఎవరికీ గుర్తు లేవు.

ఇరవై నాలుగు విభాగాలు

సినిమా పనిని మనవాళ్లు 'ఇరవై నాలుగు క్రాఫ్టులు' అంటారు. తెలుగు చిత్ర పరిశ్రమ ఉద్యోగుల సమాఖ్య కింద ఆ విభాగాల సంఘాలన్నీ ఉన్నాయి. వీరిలో ప్రతి ఒక్కరి పనీ కనిపించకుండా ఉంటేనే అది మంచి పని. ఫోకస్ చూసే సహాయకుడు నటుడికీ కెమెరాకూ మధ్య దూరాన్ని అంగుళాలతో లెక్కిస్తాడు. అతను సరిగా చేస్తే మనం గమనించం. తప్పు చేస్తే మాత్రం ముఖం మసకబారి, ఆ షాట్ మళ్లీ తీయవలసి వస్తుంది. ఇంటి బయట దృశ్యం ఈ రోజు, లోపలి దృశ్యం నెల తరువాత తీసినా, నటి జడలో పువ్వు అదే పక్కన ఉండేటట్టు చూసేది సహాయ దర్శకుడు. కత్తి దెబ్బను నిజమైన గాయంలా చేసేది మేకప్ మనిషి. రెండు వందల మందికి వేళకు అన్నం, టీ అందించేది ప్రొడక్షన్ బాయ్. "సీను ఆలస్యమైతే తిట్లు ఎవరికో పడతాయి, టీ ఆలస్యమైతే మాత్రం నాకే పడతాయి" అని ఒక కుర్రవాడు నవ్వుతూ చెప్పాడు.

అదే మేడ మీది గదిలో ఉంటున్న ఒక సోదరి టీవీ సీరియళ్లలో హెయిర్ డ్రెస్సర్‌గా పని చేస్తోంది. సీరియల్ పని మరో రకం. సినిమాకు విడుదల తేదీ ఒక్కటే. రోజూ వచ్చే సీరియల్‌కు మాత్రం ప్రతి రోజూ విడుదలే. ఎపిసోడు ఆగకూడదు గనుక ఎవరికి జ్వరం వచ్చినా పని సాగవలసిందే. "రోజుకు ఎంతమందికి జడ వేస్తానో లెక్క లేదమ్మా. మా అమ్మాయికి జడ వేసి బడికి పంపిన రోజులు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు" అంది ఆమె.

ఊరి బయట షూటింగు అంటే ఆమెకు మరో భయం ఉంది. మరుగుదొడ్డి ఉంటుందో ఉండదో తెలియక నీళ్లు తాగడం తగ్గించుకుంటుంది. ఇది ఆమె ఒక్కతే పడుతున్న కష్టం కాదు. కేరళ ప్రభుత్వం 2017లో నియమించిన జస్టిస్ హేమ కమిటీ మలయాళ చిత్రసీమలో స్త్రీల స్థితిగతులను పరిశీలించి 2019 డిసెంబరులో నివేదిక ఇచ్చింది. 2024 ఆగస్టులో అది బయటికి వచ్చినప్పుడు లైంగిక వేధింపుల సంగతులే పతాక శీర్షికలయ్యాయి. సెట్లలో మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదులు లేకపోవడాన్ని కూడా ఆ నివేదిక ఎత్తిచూపింది.

అసలు ధర నిద్రే

ఈ పనివారు చెల్లించే ధరల్లో అన్నింటికంటే పెద్దది నిద్ర. ఇది మన ఊరికే పరిమితమైన సంగతి కాదు. 1997లో అమెరికాలో ఒక సహాయ ఛాయాగ్రాహకుడు పంతొమ్మిది గంటలు పని చేసి, కారు నడుపుకుంటూ ఇంటికి వెళుతూ నిద్రలోకి జారి ప్రమాదంలో మరణించాడు. అతనికి భార్యాబిడ్డలున్నారు. ఆ మరణం ప్రసిద్ధ ఛాయాగ్రాహకుడు హాస్కెల్ వెక్స్‌లర్‌ను కదిలించింది. ఎక్కువ గంటల పనికి వ్యతిరేకంగా ఆయన ఏళ్ల తరబడి పోరాడి, 2006లో ఒక డాక్యుమెంటరీ కూడా తీశాడు. 2021లో అక్కడి కార్మికులు సమ్మె అంచుదాకా వెళ్లి, ఒక రోజు పనికీ మరుసటి రోజు పనికీ మధ్య కనీసం పది గంటల విరామం సాధించుకున్నారు. అంత పేరున్న హాలీవుడ్‌లోనే, పది గంటల విశ్రాంతి కోసం అంత పెనుగులాట జరిగింది!

మన దేశంలో 2025లో ఒక ప్రముఖ నటి ఎనిమిది గంటల పనిదినం కోరిందన్న వార్త పెద్ద చర్చకు దారి తీసింది. తారల గంటల గురించి రాసినంతగా, తారల కంటే ముందు వచ్చి తరువాత వెళ్లేవారి గంటల గురించి ఎవరూ రాయలేదు.

అలసట ఒక్కటే ప్రమాదం కాదు. 2020 ఫిబ్రవరి 19 రాత్రి చెన్నై దగ్గర 'ఇండియన్-2' షూటింగులో క్రేను కూలి ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. వారిలో ఒకరు సహాయ దర్శకుడు. ముగ్గురూ తెర వెనుక పనివారే. ఆ ఉదయం వారు కూడా మామూలుగానే ఇంట్లో చెప్పి బయలుదేరి ఉంటారు.

పని ఆగితే పొయ్యి ఆగుతుంది

లైట్‌మన్ భార్య మాకు ఒక నోటు పుస్తకం చూపించింది. పని చేసిన ప్రతి తేదీ, ఏ సినిమా, ఎన్ని గంటలు, డబ్బు వచ్చిందా లేదా అన్నీ అందులో ఉన్నాయి. డబ్బు వచ్చిన చోట ఎర్ర సిరాతో గీత గీసి ఉంది. గీత పడని వరుసలూ కొన్ని ఉన్నాయి. ఒక సినిమా మధ్యలో ఆగిపోయిందట. ఆ కూలీ ఇక రాదని ఆమెకు తెలుసు. అయినా ఆ పేజీ చింపలేదు.

పుస్తకంలో కొన్ని నెలలు పూర్తిగా ఖాళీగా ఉన్నాయి. 2020 మార్చిలో కరోనా వల్ల షూటింగులు ఆగిపోయినప్పటి పేజీలవి. చిరంజీవి ఆధ్వర్యంలో ఏర్పడిన కరోనా క్రైసిస్ ఛారిటీ ఆ రోజుల్లో సినీ కార్మికుల ఇళ్లకు సరుకులు పంచింది. "ఆ బియ్యం సంచీ రాకపోతే ఏమయ్యేవాళ్లమో" అందామె.

2025 ఆగస్టులో మళ్లీ పేజీ ఖాళీ అయింది. ముప్పై శాతం వేతన పెంపు కోరుతూ కార్మికులు పనికి వెళ్లలేదు. పద్దెనిమిది రోజుల తరువాత, తెలంగాణ ప్రభుత్వం కలుగజేసుకోగా, మూడేళ్లలో దశలవారీగా 22.5 శాతం పెంపుకు ఒప్పందం కుదిరింది. చర్చలలో కూలీ ఒక్కటే కాదు, పని వేళలూ, ఆదివారం పనికి ఇచ్చే రెట్టింపు కూలీ కూడా వచ్చాయి. నిర్మాతల మాట కూడా వినాలి. చాలా సినిమాలు పెట్టిన డబ్బు తిరిగి తేవడం లేదనీ, చిన్న నిర్మాత ఈ భారం మోయలేడనీ వారన్నారు. అందులోనూ నిజం ఉంది. కాని సినిమా నష్టపోయిందని లైట్‌మన్ ఇంటి అద్దె తగ్గదు కదా!

చట్టం సంగతి కూడా పాఠకులు తెలుసుకోవాలి. సినీ కార్మికుడితో లిఖితపూర్వక ఒప్పందం ఉండాలని 1981లోనే కేంద్ర చట్టం వచ్చింది. అయితే అది కథా చిత్రాలకు సంబంధించినది. టీవీ వారు దాని బయటే మిగిలారు. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కొత్త కార్మిక స్మృతులలో వృత్తి భద్రతకు సంబంధించినది, టీవీ, డిజిటల్ కార్యక్రమాలలో పనిచేసేవారిని కూడా కలుపుకొని లిఖిత ఒప్పందం ఉండాలంటోంది. మీ ఇంట్లో ఎవరైనా ఈ పనిలో ఉంటే, కాగితం అడగడానికి మొహమాటపడవద్దని చెప్పండి. ఆ సోదరిలా నోటు పుస్తకం రాయమనండి. సినిమా పిచ్చితో రైలెక్కాలనుకునే యువకులకు, సంఘంలో కార్డు సంపాదించడానికి కూడా పెద్ద మొత్తమే కావాలని ముందే చెప్పండి.

ఆ ఎండ ఎవరిది?

మేము బయలుదేరే వేళకు ఇంట్లో టీవీలో ఏదో పాత సినిమా వస్తోంది. తెర మీద ఒక తల్లి కిటికీ పక్కన కూర్చుని కొడుకు ఉత్తరం చదువుతోంది. కిటికీలో నుండి సాయంకాలపు ఎండ ఆమె ముఖం మీద పడుతోంది. లైట్‌మన్ కూతురు, తొమ్మిదో తరగతి చదువుతున్న పిల్ల, మా వైపు తిరిగి, "ఆ ఎండ మా నాన్నదేనండీ" అంది.

మాకు అర్థం కాలేదు. తండ్రి కాస్త సిగ్గుపడుతూ చెప్పాడు. ఆ దృశ్యం రాత్రి రెండు గంటలకు తీశారట. కిటికీ వెనుక నిచ్చెన మీద నిలబడి లైటు పట్టుకున్నది అతనే. ఆ వారం ఈ పిల్ల ఒంటి మీద తట్టు పోసి, నాన్న కావాలని ఏడ్చిందట. "వెళ్లడానికి వీలు కాలేదండీ" అన్నాడు, అంతకు మించి ఏమీ చెప్పలేదు. ఆ సినిమా చివర అతని పేరు లేదు. లైట్లు సమకూర్చిన యూనిట్ పేరు మాత్రమే ఉంది. అయినా టీవీలో అది వచ్చిన ప్రతిసారీ ఆ పిల్ల ఆ దృశ్యం దాకా మేలుకుని చూస్తుందట.

పరిశ్రమలో నెలలో రెండో ఆదివారం సెలవు. ఆ రోజు తండ్రీ కూతుళ్లు కలిసి గుడికి వెళ్లి, మధ్యాహ్నం కలిసి భోజనం చేస్తారు. క్యాలెండరులో ఆ ఒక్క తేదీ చుట్టూ పిల్ల పెన్సిలుతో సున్నా చుట్టి ఉంచింది. మిగిలిన ఆదివారాలకు సున్నాలు లేవు.

పాఠకులారా, మనం ఆ పరిశ్రమను మార్చలేకపోవచ్చు. కాని మన వీధిలో, మన సంఘంలో, మన పిల్లల బడిలో ఇలాంటి కుటుంబం ఒకటి ఉండవచ్చు. రాత్రంతా పని చేసి వచ్చిన మనిషి పగలు నిద్రపోతుంటే, సోమరి అని అనకండి. ఆ ఇంటి పిల్లకు జ్వరం వస్తే, తండ్రి ఊళ్లో లేని రోజున ఒకసారి తలుపు తట్టండి. ఈసారి సినిమా అయిపోయినప్పుడు రెండు నిమిషాలు ఆగండి, పేర్లు పూర్తిగా పోనివ్వండి. వాటిలో లేని పేర్లు కూడా ఉన్నాయని పక్కనున్న మీ పిల్లలకు చెప్పండి.