ఎన్ని మస్టర్లయినయ్?

కొత్తగూడెంలో బొగ్గు బాయి దిగొచ్చిన మనిషిని ‘ఎన్ని రోజులు పనిచేసినవ్’ అని అడగరు. ‘ఎన్ని మస్టర్లయినయ్’ అంటారు. సిపాయిలను వరసలో నిలబెట్టి తలలు లెక్కపెట్టడానికి వాడిన మాట హాజరు పుస్తకానికి పేరైంది. సింగరేణి బొగ్గు గనులకు వచ్చేసరికి ఒక పనిదినానికే పేరైపోయింది.

ఈ లెక్కను యంత్రం చేతికిచ్చినవాడు విల్లర్డ్ బండీ. అమెరికాలో ఆబర్న్ పట్నపు నగల వ్యాపారి. 1888లో ఒక గడియారం చేశాడు. కార్మికుడు తన నంబరున్న తాళంచెవి పెట్టి తిప్పితే వచ్చిన వేళ కాగితం మీద అచ్చయ్యేది. ఆ మరుసటి ఏడే ఇక్కడ ఇల్లెందులో బొగ్గు తవ్వడం మొదలైంది. బండీల వ్యాపారం విలీనాల మీద విలీనాలై, 1924లో ఐబీఎం అన్న పేరు పెట్టుకున్న సంస్థలో కలిసిపోయింది. కంప్యూటర్ల వంశవృక్షంలో హాజరు గడియారం ఒక తాత అన్నమాట.

అయితే మనిషి నడతను మార్చింది గడియారం కాదు, దాని వెనకున్న సూత్రం. 2025 దాకా అమల్లో ఉన్న 1952 గనుల చట్టం ప్రకారం ఏడాదిలో భూగర్భంలో 190, ఉపరితలంలో 240 హాజర్లుంటేనే జీతంతో కూడిన సెలవుకు అర్హత ఉండేది. అర్హత వచ్చాక, కింద పనిచేసినవాళ్లకు చేసిన ప్రతి 15 రోజులకొక సెలవు, పైన పనిచేసినవాళ్లకు ప్రతి 20 రోజులకొకటి. భాగించి చూడండి: 190ని 15తో, 240ని 20తో. రెండూ పన్నెండు, పదమూడు దగ్గరే తేలతాయి. చీకట్లో గడిపిన రోజుకు బరువెక్కువని ఎవరో కూర్చుని లెక్కగట్టారు. కంప్యూటర్ లేకపోయినా ఇది అల్గారిథమే.

సింగరేణిలో బదిలీ వర్కర్‌ను, అంటే రానివాళ్ల బదులు పనిచేసేవాణ్ని, పర్మనెంట్ జనరల్ మజ్దూర్‌గా చేసేటప్పుడు చూసేదీ ఈ 190, 240లనే. ఇక్కడే తిరకాసు. గణితంలో దీన్ని మెట్టు అంటాం: 189కి ఏమీ లేదు, 190కి అంతా ఉంది. డిసెంబరులో 183 దగ్గరున్నవాడు జ్వరంతోనైనా దీపం కట్టుకుని దిగుతాడు. 120 దగ్గరున్నవాడికి ఎట్లాగూ అందదు గనుక నాగా పెట్టడానికి మనసు అడ్డు చెప్పదు. ఇద్దరి బద్ధకంలో తేడా లేకపోవచ్చు, మెట్టుకున్న దూరంలోనే తేడా. బోనస్ లాంటివి హాజరుతో పాటు పెరిగేలా పెడితే మెట్టు పక్కన వాలు కట్టినట్టు. ఎక్కడున్నవాడికైనా మరో అడుగుకు ఫలం ఉంటుంది. నా మటుకు వాలే న్యాయం.

మస్టర్లు మరీ తగ్గితే ఆఫీసుకు పిలుస్తారు. ఇంటివాళ్లనూ వెంటబెట్టుకు రమ్మని కౌన్సెలింగ్ చేస్తారు. అంకె చెప్పేది ఎన్నిసార్లు రాలేదనే. అప్పా, తాగుడా, నడుము నొప్పా అన్నది ఇల్లాలు నోరు విప్పితేనే బయటపడుతుంది.

ఇవాళ హైదరాబాదులో బైకు మీద అన్నం పొట్లం మోసే పిల్లవాడినీ యాప్‌లోని ఒక సూత్రమే నడిపిస్తోంది. ఏ ఆర్డర్ ఎందుకొచ్చిందో, ఏది ఎందుకు రాలేదో అతనికి అంతుపట్టదు. అందుకే ఊహ మీద ఊహ కట్టి, ఫలానా కూడలిలో నిలబడితే కలిసొస్తుందని నమ్ముతాడు. బాయి మనిషికి ఆ అవస్థ లేదు. 190 అన్నది అతనికి కంఠతా వచ్చిన లెక్క. ఒక మస్టర్ తప్పిపోతే గుమస్తా కిటికీ ముందు నిలబడి, ‘ఆ రోజు నైట్ షిఫ్ట్ చేసిన, పుస్తకం తియ్యి సారూ’ అని కొట్లాడతాడు.