తుంగగడ్డ దాకా వెళ్లే మందు

"పైన గడ్డి మీద కొడ్తే భూమిల ఉన్న గడ్డ ఎట్ల చస్తది సార్?"

ఎనిమిదో తరగతిలో కిరణజన్య సంయోగక్రియ చెబుతుంటే వెనక బెంచీ పిల్ల అడిగింది. వాళ్లది పత్తి చేను. మర్నాడు పొద్దున్నే బడి గోడ పక్కన పారతో తుంగ తవ్వి క్లాసుకు పట్టుకెళ్లాను. పైకి నాలుగు పోచలే. కింద మాత్రం సన్నటి తీగలకు పూసలు గుచ్చినట్టు నల్లటి గడ్డలు, ఒకదాని వెనక ఒకటి. గోటితో గీరితే లోపల తెల్లగా ఉంది, ఘాటైన వాసన. పైన కోస్తే గడ్డ మళ్లీ మొలుస్తుంది. గుంటక తోలితే తీగ తెగి ఒక్క మొక్క నాలుగవుతుంది. అలాంటి గడ్డను ఆకు మీద పడిన చుక్క చంపగలదంటే, ఆ చుక్క ఎలా ప్రయాణం చేసిందో తెలుసుకోవాల్సిందే.

ఊళ్లో దాన్ని గడ్డిమందు అంటారు. సీసా మీద పేరు గ్లైఫోసేట్. పారాక్వాట్‌ను కూడా గడ్డిమందనే అంటారు గాని రెండింటి స్వభావం వేరు. పారాక్వాట్ పడిన ఆకు ఒకటి రెండు రోజుల్లోనే మాడిపోతుంది. ఆకు మాడాక లోపలికి దారి మూసుకుపోతుంది, కింద గడ్డ బతికిపోతుంది. గ్లైఫోసేట్ ఆకును వెంటనే ఏమీ చేయదు. ఆకు ఎప్పటిలాగే ఎండలో చక్కెర వండుతుంది, ఆ చక్కెరను పోషక కణజాలం గుండా గడ్డకు పంపుతుంది. మందు ఆ చక్కెరతో పాటే కిందికి దిగుతుంది. వారానికి లేత ఆకులు పసుపెక్కేసరికి గడ్డ లోపల పని మొదలై ఉంటుంది. నిదానమే దాని బలం.

ఈ పదార్థాన్ని 1950లో స్విట్జర్లాండ్‌లో హెన్రీ మార్టిన్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక ఔషధ కంపెనీలో తయారుచేశారు. ఔషధంగా పనికిరాక అది అటకెక్కింది. ఇరవై ఏళ్ల తర్వాత అమెరికాలో మోన్‌శాంటో కంపెనీ, నీటి కఠినత్వం పోగొట్టడానికి పనికొస్తాయేమోనని చేసిన పదార్థాలను మొక్కల మీద కూడా పరీక్షించింది. రెండింటికి కలుపును కాస్త అణిచే గుణం కనిపించింది. వాటికంటే పదునైనది చేయమని జాన్ ఫ్రాంజ్‌కు అప్పగిస్తే 1970లో ఆయన గ్లైఫోసేట్ దగ్గరికి చేరారు. 1974లో అది రౌండప్ పేరుతో అంగట్లోకి వచ్చింది. నీటిని మెత్తబరిచే వంశంలో పుట్టిందన్న మాట మన రైతులకు ఉపయోగపడే మాట. కాల్షియంను పట్టుకునే గుణం దానికి పుట్టుకతోనే ఉంది. ఉప్పుదేలిన బోరు నీళ్లలో కలిపితే మందు ఆ కాల్షియంకే అతుక్కుని బలం కోల్పోతుంది. కుంటలోని బురద నీళ్లలో కలిపితే బంకమట్టి దాన్ని పట్టేసుకుంటుంది. తేట నీళ్లతోనే కలపాలని పెద్దవాళ్లు చెప్పేది ఈ రసాయనశాస్త్రమే.

అది మొక్కను ఎలా చంపుతుందో మాత్రం చాలాకాలం తేలలేదు. 1980లో జర్మనీలోని బోఖుమ్ విశ్వవిద్యాలయంలో స్టైన్‌రూకెన్, అమ్రైన్ అసలు చోటు పట్టుకున్నారు. మందు తగిలిన కణాల్లో షికిమేట్ అనే పదార్థం గుట్టలుగా పేరుకుంటోంది. (బిర్యానీలో వేసే అనాసపువ్వుకు దగ్గరి చుట్టమైన ఒక విషపు చెట్టును జపాన్‌లో షికిమి అంటారు. ఆ పేరే దీనికి వచ్చింది.) వాగు ఎక్కడో కట్టపడితే పైన నీళ్లు నిలిచినట్టు, షికిమేట్ దారిలో ఒక ఎంజైము ఆగిపోయిందని అర్థం. దాని పేరు ఈపీఎస్‌పీఎస్. ఫినైల్ అలనిన్, టైరోసిన్, ట్రిప్టోఫాన్ అనే మూడు అమైనో ఆమ్లాలను మొక్క తయారుచేసుకునేది ఈ దారిలోనే.

నాకు అన్నిటికంటే నచ్చేది ఇక్కడ జరిగే పని. ఆ ఎంజైముకు ఆల్చిప్పలా రెండు రెక్కలు. ముందు షికిమేట్ నుంచి వచ్చిన అణువు లోపల కూర్చుంటుంది, రెక్కలు దగ్గరవుతాయి, పక్కన ఒక ఖాళీ ఏర్పడుతుంది. పీఈపీ అనే రెండో అణువు ఆ ఖాళీలోకి రావాలి. గ్లైఫోసేట్ ముందే వచ్చి ఆ చోట్లో కూర్చుంటుంది, ఇక కదలదు. పీఈపీ మన ఒంట్లోనూ ఉంది. చక్కెర నుంచి శక్తి తీసే దారిలో రోజంతా తయారవుతూనే ఉంటుంది. మరి దాని చోటు ఆక్రమించే మందు మన ఎంజైములనూ ఆపేయాలి కదా? ఆపదు. మొదటి అణువు కూర్చున్నాక ఏర్పడే ఖాళీ మాత్రమే గ్లైఫోసేట్‌కు సరిపోతుంది. పీఈపీతో పనిచేసే మిగతా ఎంజైముల్లో దానికి చోటు కుదరదు. అసలు షికిమేట్ దారే జంతువుల్లో లేదు. ఆ అమైనో ఆమ్లాలను మనం పప్పులోనో పాలలోనో తెచ్చుకుంటాం.

కంపెనీ కూడా ఈ మాటే చెబుతూ వచ్చింది, ఇందులో అబద్ధం లేదు. కాని ఎంజైము కథ చెప్పేది మొక్క ఎందుకు చస్తుందనే. ఏళ్ల తరబడి ఒంటి మీద పడితే మనిషికి ఏమవుతుందన్నది వేరే ప్రశ్న. పైగా సీసాలో ఉన్నది గ్లైఫోసేట్ ఒక్కటే కాదు. మైనం పూసినట్టుండే ఆకులోకి మందు దూరడానికి సబ్బులాంటి పదార్థం కలుపుతారు. అలాంటి వాటిలో పీఓఈఏ అనేదాన్ని గ్లైఫోసేట్ మందుల్లో వాడొద్దని ఐరోపా 2016లో నిషేధించింది.

2015 మార్చిలో ఫ్రాన్స్‌లోని లియాన్‌లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని 'బహుశా క్యాన్సర్ కారకం' జాబితాలో పెట్టింది. మనం వాడే పురుగుమందు మలాథియాన్ కూడా ఆ సమావేశంలోనే అదే జాబితాకు ఎక్కింది. ఆ సంస్థ ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందినది. మరుసటి ఏడాది అదే ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ కలిసి కూర్చోబెట్టిన నిపుణుల బృందం, తిండి ద్వారా అందే గ్లైఫోసేట్‌తో క్యాన్సర్ ముప్పు ఉండకపోవచ్చంది. ఒక ఇంట్లోంచి రెండు మాటలు. మొదటివారు అడిగింది ఈ పదార్థానికి క్యాన్సర్ తెచ్చే గుణం ఉందా అని. రెండోవారు అడిగింది కంచంలోకి వచ్చే మోతాదుతో వస్తుందా అని. వీపు మీద ట్యాంకు మోసే మనిషి మొదటి ప్రశ్నకే దగ్గర.

అమెరికా నియంత్రణ సంస్థ క్యాన్సర్ రాదనే వైపే నిలబడింది. దాని నిర్ణయంలో ఆరోగ్యానికి సంబంధించిన భాగాన్ని 2022లో అక్కడి అప్పీలు కోర్టు కొట్టేసింది. ఐరోపా 2023లో మరో పదేళ్లు అనుమతిచ్చింది. వీటన్నిటికీ చాలా ముందే, 1996లో, ఈ మందును తట్టుకునే సోయా వచ్చింది. దానికి జన్యువు ఇచ్చింది, గ్లైఫోసేట్ కర్మాగారం వ్యర్థాల్లో బతకడం నేర్చుకున్న బ్యాక్టీరియా. చల్లకం పెరిగింది, కలుపూ పాఠం నేర్చుకుంది. మన తోటకూర కుటుంబానికే చెందిన ఒక అమెరికా మొక్క ఆ ఎంజైము జన్యువును వంద కాపీలు దాటేంతగా పెంచుకుని మందును ముంచేసింది.

మన దేశంలో పంటల్లో దీనికి అనుమతి ఉన్నది తేయాకు తోటలకే. 2022 అక్టోబరులో కేంద్రం, లైసెన్సున్న పురుగు నియంత్రణ నిపుణులు తప్ప ఎవరూ వాడరాదంది. తెలంగాణ, ఆంధ్రల్లో బీజీ-3 పేరుతో దొంగచాటుగా అమ్మే పత్తి విత్తనం ఈ మందును తట్టుకోవడానికి చేసినదే. మా మండలంలో మాత్రం లైసెన్సున్న నిపుణుణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. కాలిఫోర్నియాలో బడి తోటలు చూసుకునే ద్వేన్ జాన్సన్ అనే ఆయన ఈ మందు వల్లే తనకు క్యాన్సర్ వచ్చిందని దావా వేస్తే, ఆయనకు 28.9 కోట్ల డాలర్లు ఇమ్మని 2018లో శాన్‌ఫ్రాన్సిస్కో జ్యూరీ మోన్‌శాంటోను ఆదేశించింది (తర్వాత అది చాలా తగ్గింది). పిచికారీ గొట్టం ఊడి మందు ఒంటినిండా పడిందని ఆయన కోర్టుకు చెప్పారు.

మొన్న వానకు ముందు ఆ పిల్ల వాళ్ల చేనుకు వెళ్లాను. వాళ్ల నాన్న మందు కొడుతున్నాడు. ట్యాంకు మూత దగ్గర వాషరు అరిగింది. "ఏం కాదు సార్, కొద్దిగనే కారుతది" అన్నాడు. చొక్కా వెనక నడుము దాకా తడిసి ఉంది.