చెరువు కాచిన చరిత్ర

ఎనికేపల్లి తూము దగ్గర వెలుగు చూసిన జైన స్తంభాలు మొయినాబాద్, చేవెళ్ల ప్రాంతపు వెయ్యేళ్ల గతాన్ని చెబుతున్నాయి.

మొయినాబాద్ మండలంలోని ఎనికేపల్లి చెరువు తూముకు అమర్చిన రాళ్లలో రెండు స్తంభాలు మామూలువి కావు. ఒకటి గ్రానైట్, రెండోది నల్లశానపు రాయి. 2023 జులైలో పురావస్తు పరిశోధకుడు ఈమని శివనాగిరెడ్డి వాటిని పరిశీలించి, క్రీ.శ. 9-10 శతాబ్దాల నాటి జైన చౌముఖ స్తంభాలని తేల్చారు. ఒక్కో స్తంభానికి నాలుగు వైపులా ఆదినాథుడు, నేమినాథుడు, పార్శ్వనాథుడు, వర్ధమాన మహావీరుడు ధ్యానంలో కూర్చుని ఉన్నారు. పైభాగాన కీర్తిముఖాలు. తెలుగు-కన్నడ లిపిలో శాసనం కూడా ఉంది. రాళ్ల మధ్య ఇరుక్కుని కొంతే కనిపిస్తున్న ఆ అక్షరాల్లో చిలుకూరు జైన బసది (ఆలయం) ప్రస్తావన వచ్చింది.

చిలుకూరు అనగానే అందరికీ బాలాజీ గుర్తుకొస్తాడు. ఆ ఊరు వెయ్యేళ్ల కిందట జైన మునుల నెలవని ఎనికేపల్లి రాళ్లు సాక్ష్యం చెబుతున్నాయి.

నాలుగు దిక్కులా ఒకే చూపు

చౌముఖ శిల్పాన్ని సంస్కృతంలో సర్వతోభద్ర ప్రతిమ అంటారు. దీని వెనక జైనుల సమవసరణ భావన ఉంది. కేవలజ్ఞానం పొందిన తీర్థంకరుడు ధర్మబోధ చేసే సభే సమవసరణం. దేవతలు, మనుషులు, పశుపక్ష్యాదులు అందరూ ఆ సభకు వస్తారు. ఎవరు ఏ వైపు కూర్చున్నా జినుడి ముఖం తమవైపే ఉన్నట్లు కనిపిస్తుంది. ఆ నమ్మకాన్ని రాతిలోకి తెచ్చిన శిల్పి, వెనక వైపు అన్నదే లేని ప్రతిమను చెక్కాడు. ఇరవై నలుగురు తీర్థంకరుల్లో మొదటివాడు ఆదినాథుడు. నేమినాథుడు, పార్శ్వనాథుడు, మహావీరుడు వరుసగా చివరి ముగ్గురు. ఆ పరంపర ఆదీ అంతమూ ఒక్క రాతిలో ఇమిడిపోయాయి.

పడమటి దారి

చేవెళ్ల నుంచి పడమరకు వికారాబాద్, తాండూరు దాటి వెళ్తే కర్ణాటకలోని కలబురగి జిల్లాలో మాల్‌ఖేడ్ వస్తుంది. అదే ఒకనాటి మాన్యఖేటం, రాష్ట్రకూటుల రాజధాని. 9వ శతాబ్దంలో అక్కడి నుంచి పాలించిన అమోఘవర్షుడు జైన ఆచార్యుడు జినసేనుణ్ని గురువుగా గౌరవించాడు. తెలంగాణలో రాష్ట్రకూటులకు సామంతులైన వేములవాడ చాళుక్యులు కూడా జైనాన్ని ఆదరించారు. రెండో అరికేసరి కొలువులో ఉన్న పంప మహాకవి 941 ప్రాంతంలో కన్నడంలో విక్రమార్జున విజయం రాశాడు. ఆయన తమ్ముడు జినవల్లభుడు కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గర గుట్ట మీద జినబింబాలు చెక్కించి, శాసనం వేయించాడు. సంస్కృతం, కన్నడంతో పాటు తెలుగు కంద పద్యాలూ ఉన్న ఆ శాసనం మన పద్యానికి దక్కిన తొలి ఆధారాల్లో ఒకటి. 959లో యశస్తిలక చంపువు పూర్తిచేసిన సోమదేవసూరికి ఆశ్రయమిచ్చింది కూడా ఈ వంశమే.

చిలుకూరు బసదిని ఈ నేపథ్యంలో చూడాలి. రాజధాని నుంచి పల్లె దాకా, కవి కొలువు నుంచి చెరువు గట్టు దాకా ఒకే ధర్మం, ఒకే లిపి విస్తరించిన కాలమది. తెలుగూ కన్నడమూ పక్కపక్కనే పెరిగిన రోజులవి. హైదరాబాద్ పుట్టడానికి ఆరేడు వందల ఏళ్ల ముందే ఈ పల్లెల్లో చదువుకున్న మునులు, అక్షరం చెక్కగల శిల్పులు ఉన్నారు. నగరం విస్తరించాకే ఇక్కడికి నాగరికత వచ్చిందనుకునే వాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

హుండీ లేని గుడి

అదే చిలుకూరులో నేడు వేంకటేశ్వరుడు కొలువై ఉన్నాడు. ఏటా తిరుమల వెళ్లే భక్తుడొకరు జబ్బుపడి వెళ్లలేకపోతే స్వామి కలలో కనిపించి, తాను ఇక్కడి అడవిలోని పుట్టలో ఉన్నానని చెప్పాడని స్థల కథ. పుట్ట తవ్వుతుంటే గునపం దెబ్బకు నెత్తురు వచ్చిందనీ, ఆవుపాలతో పుట్టను కరిగిస్తే శ్రీదేవి, భూదేవి సమేతంగా స్వామి బయటపడ్డాడనీ చెప్పుకుంటారు. 1963లో అమ్మవారిని రాజ్యలక్ష్మిగా ప్రతిష్ఠించారు. ఈ గుడికి హుండీ లేదు. ప్రముఖులకు ప్రత్యేక దర్శనాలు లేవు. మొక్కుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108. విదేశీ చదువుల కోసం వచ్చే పిల్లలు వీసా బాలాజీ అని పిలుచుకునేది ఈ స్వామినే.

2018 ఏప్రిల్‌లో చిలుకూరు అర్చకుడు సి.ఎస్. రంగరాజన్ జియాగూడ రంగనాథస్వామి ఆలయంలోకి ఒక దళిత భక్తుణ్ని తన భుజాల మీద మోసుకెళ్లారు. లోకసారంగ ముని తిరుప్పాణాళ్వారును మోసిన వైష్ణవ గాథను అలా మన కళ్ల ముందుకు తెచ్చారు. జైన బసదికీ బాలాజీ గుడికీ వారసత్వ బంధం ఉందని చెప్పడానికి ఆధారం లేదు. అయినా అపరిగ్రహం బోధించిన మునులు తిరిగిన ఊళ్లోనే హుండీ లేని గుడి వెలసింది. ఎటు నుంచి వచ్చినవాడికైనా ఎదురుగా నిలిచే దైవాన్ని ఈ నేల రెండు ధర్మాల్లోనూ చూసింది.

రాళ్లు ఎందుకు మిగిలాయి

బసది శిథిలమయ్యాక దాని స్తంభాలు తూముకు చేరాయి. తూముకు బరువు మోసే, నీటికి చెక్కుచెదరని నిలువు రాళ్లు కావాలి. ఆ అవసరమే వీటిని నిలబెట్టింది. వాటిని పగలగొట్టి కంకర చేయలేదు, గోడల్లో పూడ్చేయలేదు. చెరువు నిండినన్నాళ్లూ, ఆయకట్టు పండినన్నాళ్లూ తూముకు విలువ ఉంది. తూముకు విలువ ఉన్నన్నాళ్లూ రాయి పదిలంగా ఉంది.

నేడు ప్రమాదం చెరువుకే వచ్చింది. 1908 మూసీ వరదల తర్వాత నగర రక్షణ కోసం కట్టిన గండిపేట జలాశయం 1920లో పూర్తయింది. ఆ జలాశయాన్నీ, హిమాయత్‌సాగర్‌నూ కాపాడటానికి 1996 మార్చిలో 111 జీవో వచ్చింది. పది కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాల్లో నిర్మాణాల మీద ఆంక్షలు పెట్టింది. మొయినాబాద్, చేవెళ్ల మండలాల ఊళ్లు కూడా అందులో ఉన్నాయి. 2022లో 69వ జీవోతో ఆ ఆంక్షలు సడలాయి. శికం భూములు ప్లాట్లయితే చెరువు పోతుంది, తూము పోతుంది, దానితోపాటు శాసనమూ పోతుంది.

చేవెళ్ల దారి మర్రిచెట్లది కూడా ఇదే కథ. బీజాపూర్ రహదారి మీద వందలాది మర్రులు నీడనిస్తున్నాయి. వాటికోసం ప్రకృతి ప్రేమికులు జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లారు. ఇరుకు రోడ్డు మీద ప్రాణాలు పోతున్నాయన్న మాటా నిజమే. 2025 నవంబరులో మీర్జాగూడ దగ్గర ఆర్టీసీ బస్సు, టిప్పర్ ఢీకొన్న ఘోరం ఇంకా ఎవరూ మరచిపోలేదు. రోడ్డు వెడల్పు కావాలి, చెట్లూ బతకాలి. జైన సంప్రదాయంలో ఆదినాథుడికి జ్ఞానం కలిగింది మర్రి నీడనే. ఆ తీర్థంకరుడి రూపం తూముకు, ఆయన చెట్టు రోడ్డుకు ఆనుకుని ఉన్న ప్రాంతమిది.

చేయవలసింది

మొదట ఆ రాళ్లను నిపుణుల పర్యవేక్షణలో జాగ్రత్తగా విడదీసి, శాసనం మొత్తం అచ్చు తీసి చదవాలి. తర్వాత స్తంభాలను ఏ గోదాముకో తరలించకుండా, ఎనికేపల్లిలోనే గద్దె కట్టి నిలిపి, పక్కన చరిత్ర తెలిపే బోర్డు పెట్టాలి. తూముకు వాటి స్థానంలో గట్టి రాళ్లు అమర్చాలి. రెండు మండలాల చెరువుల తూములు, గుళ్ల ప్రాకారాలు, గ్రామ చావళ్లు వరుసగా వెతికితే ఇలాంటి ఆనవాళ్లు మరికొన్ని దొరకవచ్చు. ఈ పనికి బడి పిల్లల్ని, పాత నీరటి కుటుంబాలను తోడు చేసుకుంటే మేలు. ఏ రాయి ఎక్కడుందో వాళ్లకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

ఇవన్నీ పంచాయతీ, పురావస్తు శాఖ కలిసి చేయగల పనులు. పెద్ద ఖర్చు కూడా కాదు. ఈ భూముల ధర గజాల్లో లెక్కగట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. వెయ్యేళ్ల విలువ లెక్కగట్టే బాధ్యత మాత్రం ఇక్కడి జనం మీదే ఉంది.