నాలుగు రేకులుంటే ఆవ అయిపోతుందా?

ముందే ఒప్పుకుంటున్నాం, తప్పు మాదే. చాలా ఏళ్లు పిల్లలకు తప్పు మొక్క చూపించి పాఠం చెప్పాం.

సిరొంచ వైపు ఆవ పండించేవాళ్లు మాకు తెలిసి ఎవరూ లేరు. పత్తి, మిరప, వరి. ఆవాలు కిరాణా కొట్లో పొట్లం కట్టి ఇచ్చే సరుకే తప్ప చేలో కనిపించే మొక్క కాదు. సైన్సు పుస్తకంలో ఆవ కుటుంబం వచ్చినప్పుడు ఏం చూపించాలి? బడి గోడ పక్కన వానకాలంలో ఒక మొక్క మోకాలెత్తు లేస్తుంది. పసుపు పువ్వు, నాలుగు రేకులు, నిలువుగా సన్నని కాయలు, లోపల ముదురు రంగు చిన్న గింజలు. ఇంగ్లీషులో దీన్ని అడవి ఆవ అని కూడా అంటారు. ఇంకేం కావాలి? అదే పీకి బల్ల మీద పెట్టేవాళ్లం.

ఒక ఏడు ఎనిమిదో తరగతి అమ్మాయి పువ్వు చేతిలో పట్టుకుని లేచింది. ఆవ పువ్వులో కేసరాలు ఆరు అని అప్పుడే బోర్డు మీద రాశాం. "సార్, ఆరు లేవు. పదిహేడు ఉన్నయి." సరిగ్గా లెక్కపెట్టు అన్నాం. మళ్లీ లెక్కపెట్టింది. పదిహేడే. మరో పువ్వు తెస్తే పద్నాలుగు. మర్నాడు ఆ అమ్మాయి ఇంటి నుంచి నాయనమ్మ మాట మోసుకొచ్చింది: "కుక్కవామింట గూడ తెల్వదా మీ సార్లకు?"

తెలియదని కాదు. వామింట తెల్లపువ్వుది, దాని ఆకు పప్పులో వేస్తే చిరుచేదుగా ఉంటుంది, అందరం తిన్నదే. పసుపు పువ్వుది కుక్కవామింట. ఇంట్లో తెలిసిన పేరు బడిలోకి వచ్చేసరికి మాకు గుర్తు రాలేదు, అంతే. పుస్తకంలో లేని పేరు కాబట్టి దాన్ని జవాబుగా లెక్కవేయలేదు.

ఆ రోజు పాఠం ఆపి మొక్కను మళ్లీ మొదటి నుంచి చూశాం. ముట్టుకుంటే వేళ్లకు జిగురు అంటుతుంది. శాస్త్రీయ నామం క్లియోమ్ విస్కోసా, అందులో విస్కోసా అంటే లాటిన్‌లో జిగురుదనే. 1753లో లిన్నేయస్ పెట్టిన పేరు. ఆకు ఒకటిగా ఉండదు, కింది ఆకులకు ఐదు, పైవాటికి మూడు చిన్నాకులు. రేకులు నాలుగే కానీ శిలువలా నాలుగు దిక్కులకు విచ్చుకోవు, అన్నీ ఒకే పక్కకు లేచి నిలబడతాయి. ఆవ పువ్వులోనైతే ఆరు కేసరాలు, వాటిలో నాలుగు పొడుగు, రెండు పొట్టి. ఇక కాయ. ఆవకాయను (పచ్చడి కాదు, మొక్క కాయ) చీలిస్తే మధ్యలో కాగితంలాంటి పొర ఉండి గింజలు దానికి అటూ ఇటూ ఉంటాయి. కుక్కవామింట కాయలో ఆ పొర ఉండదు. భూతద్దం కూడా అక్కర్లేదు, గోరు చాలు.

అలాగని రెంటికీ చుట్టరికం లేదనుకోకండి. వామింటలను ఇదివరకు క్యాపరేసీలో కలిపేవారు. జన్యువులు పోల్చి చూశాక క్లియోమేసీ అని విడిగా తీశారు, ఆవ కుటుంబానికి అన్నింటికన్నా దగ్గరి కుటుంబం అదే. ఒకే ఇల్లు కాదు, పక్కిల్లు.

పేర్ల సంగతి మరీ ముచ్చట. మరాఠీలో ఇది పివళీ తిళవణ, అందులో నువ్వులు వినిపిస్తాయి. ఇంగ్లీషులో ఆవాలు. మనకు కుక్క. గఢ్వాల్ కొండల్లో దీని గింజలనే జఖ్యా అంటారు, ఆవాలకు బదులు వాటితోనే పోపు పెడతారు. మా పిల్లల నోటుపుస్తకంలో ఇప్పుడు ప్రతి మొక్కకూ నాలుగు గడులు ఉంటాయి: తెలుగు, మరాఠీ, గోండి, శాస్త్రీయ నామం. గోండి గడి మేం నింపం. ఆ భాష ఇంట్లో మాట్లాడే పిల్లలు నింపి తెస్తారు, మిగతావాళ్లు వాళ్ల దగ్గర చూసి రాసుకుంటారు. మామూలుగా వెనక బెంచీలో కూర్చునే పిల్లల చుట్టూ ఆ రోజు గుంపు.

ఇదంతా ఎందుకు ఇంత పట్టింపు అంటే, మరో సంగతి ఉంది. ఒక జనవరిలో ఐదో తరగతి పిల్లవాడు ప్రాణహిత ఒడ్డున ఇసుకలో ఏరానని కాగితం పొట్లం తెచ్చాడు. "ఆవాలు దొరికినయి సార్, అమ్మకు ఇస్త." నల్లగా గుండ్రంగా అచ్చం ఆవాలే. మొక్క చూపించమంటే తీసుకెళ్లాడు. ఆకు నిండా ముళ్లు, కాయ మీదా ముళ్లు, తుంచితే పసుపు పాలు. బ్రహ్మదండి, మరాఠీలో పివళా ధోత్రా. ఆవ కుటుంబం కాదు, నల్లమందు మొక్క కుటుంబం. గింజల నూనె విషం, కాళ్లు వాస్తాయి, గుండె దెబ్బతింటుంది. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో ఈ నూనె కలిసి 60 మందికి పైగా చనిపోయారు. పసుపు పువ్వు, నల్ల గింజ అంటే ఆవ అని ఆ పిల్లవాడికి నేర్పింది ఎవరు? మేమే. పొట్లం తీసుకుని పొయ్యిలో వేశాం, సాయంత్రం వాళ్లింటికి వెళ్లి అమ్మకు కూడా చెప్పి వచ్చాం.

ఇప్పుడు నవంబరులో పగిలిన బకెట్లలో మట్టి పోసి పోపులపెట్టె ఆవాలే చల్లిస్తున్నాం. నెలన్నరకు పూస్తాయి. పోయిన డిసెంబరులో ఒకడు కేసరాలు ఐదే ఉన్నాయని గొడవ పెట్టుకున్నాడు. పురుగు కొట్టిందేమో, ఇంకో పువ్వు చూడు అన్నాం. అందులో ఆరున్నాయి. అయినా వాడు నమ్మక బకెట్‌లో పువ్వులన్నీ లెక్కపెట్టేదాకా లోపలికి రాలేదు.